చిన్న నృత్య బృందాన్ని నిలబెట్టుకోవడం ఎలా? సాధన గంట లెక్క నుంచి కొత్త రూపకం దాకా

"బృందం పెట్టాం. నాలుగు ప్రదర్శనలు ఇచ్చాం. శాలువాలు కప్పారు, జ్ఞాపికలు ఇచ్చారు. వచ్చే నెల హాలు అద్దెకు మాత్రం డబ్బు లేదు. ఇప్పుడు ఏమి చేయాలి?" ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తున్నాయి. ఒక చిన్న కూచిపూడి బృందానికి ఏళ్ల తరబడి లెక్కలు రాస్తూ, రిహార్సళ్లు నడిపిస్తూ నేర్చుకున్నది ఇక్కడ వరుసగా పెడుతున్నాను.

ఆరు నుంచి పన్నెండు మంది నర్తకులతో, లాభాపేక్ష లేకుండా, ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో నడిచే బృందాన్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మీది పేరిణి అయినా, ఆంధ్రనాట్యం అయినా, భరతనాట్యం అయినా పనుల వరుస ఇదే.

చాలామంది దాతలను వెతకడంతో మొదలుపెడతారు. నేను రిహార్సల్ లెక్కతో మొదలుపెట్టమంటాను. సాధనకు డబ్బు కేటాయించకుండా ప్రదర్శన రోజుకు మాత్రమే ఖర్చు పెట్టే బృందం రెండేళ్లకు మించి నిలవడం నేను చూడలేదు.

1. ముందు సాధన గంటకు వెల కట్టండి

ఒక నోటు పుస్తకం తీసుకోండి. మీరు చేయబోయే గంటసేపటి నృత్య రూపకానికి ఎన్ని రిహార్సళ్లు కావాలో నిజాయితీగా రాయండి. పాత అంశాన్ని మళ్లీ ఎత్తుకుంటే పది చాలవచ్చు. కొత్త రూపకానికి ముప్పైకి తగ్గదు.

ఒక నమూనా లెక్క ఇస్తున్నాను. అంకెల స్థానంలో మీ ఊరి ధరలు వేసుకోండి.

- రిహార్సళ్లు 30, ఒక్కొక్కటి రెండున్నర గంటలు. హాలు అద్దె గంటకు రూ.400 అయితే రూ.30,000.
- నర్తకులు 8 మంది. రిహార్సల్‌కు ఒక్కొక్కరికి రాకపోకలు, టిఫిను కలిపి రూ.250. మొత్తం రూ.60,000.
- చివరి 6 రిహార్సళ్లకు గాయకురాలు, మృదంగం. ఒక్కొక్కరికి రోజుకు రూ.1,500. మొత్తం రూ.18,000.

అంటే తెర లేవక ముందే రూ.1,08,000 అయింది. ఆహార్యం (దుస్తులు, నగలు), మేకప్, వ్యాను, వేదిక, పక్కవాద్యాల పారితోషికం ఇంకా మొదలే కాలేదు.

ఈ అంకె చూసి గుండె జారవద్దు. ఇది తెలియకపోవడమే అసలు ప్రమాదం. ఇది తెలిసిన రోజున నిర్వాహకులతో మాట్లాడే తీరు మారుతుంది. "మీరు ఎంత ఇస్తే అంత" అనే మాట నోటికి రాదు. ఒక రూపకాన్ని పలు చోట్ల ప్రదర్శిస్తే తప్ప ఖర్చు తిరిగి రాదని లెక్కే చెబుతుంది. అప్పుడు రూపకాన్ని మలిచేటప్పుడే పెద్ద ఆడిటోరియంకూ గుడి మండపానికీ సరిపోయేలా మలుస్తారు.

మా మొదటి రూపకానికి ఉన్న డబ్బంతా పట్టుచీరలకూ నగలకూ పోసేశాం. సాధన ఉచితం అనుకున్నాం. మూడు నెలల్లో ఒక అమ్మాయికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, ఇంకొకరికి పెళ్లి కుదిరింది. వారి పాత్రలు మరెవరికీ రావు. పెట్టెనిండా చీరలు మిగిలాయి, రూపకం మిగలలేదు.

సరిదిద్దుకునే మార్గాలు మూడు:

- ప్రతి పాత్రను మొదటి నుంచీ ఇద్దరికి నేర్పండి. రెండో వారికి ఏడాదిలో కనీసం ఒక ప్రదర్శన ఇవ్వండి. లేకపోతే వారికి నేర్చుకోవాలన్న పట్టు ఉండదు.
- నెలకొకసారి మొత్తం రూపకాన్ని ఎదురుగా ఒకసారి, వెనుక నుంచి ఒకసారి ఫోనులో చిత్రీకరించండి. నేర్చుకునేవారికి వెనుక నుంచి తీసిందే ఎక్కువ పనికొస్తుంది.
- జతులు (తాళానికి కట్టిన అడుగుల వరుసలు), నడకలు, వేదికపై ఎవరు ఎక్కడ నిలబడాలో తెలిపే బొమ్మలు ఒకే పుస్తకంలో ఉండాలి. అది గురువు ఇంట్లో కాక, బృందం అల్మారాలో ఉండాలి.

2. రిజిస్ట్రేషన్: ఏడుగురిని జాగ్రత్తగా ఎంచుకోండి

మన రెండు రాష్ట్రాల్లోనూ ఆధారం 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టమే. కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ట్రస్టుగానో, కంపెనీల చట్టంలోని 8వ సెక్షన్ కింద కంపెనీగానో కూడా నమోదు కావచ్చు. చిన్న బృందానికి సొసైటీ సులువు.

ఏడుగురూ ఒకే కుటుంబం వారైతే గ్రాంటు ఇచ్చేవారికి అనుమానం వస్తుంది, అది న్యాయమే. ఇద్దరు నర్తకులు, ఒక సంగీత విద్వాంసుడు, లెక్కలు తెలిసినవారు ఒకరు, నృత్యంతో సంబంధం లేకపోయినా మాట నిలబెట్టుకునే స్నేహితులు ముగ్గురు ఉంటే మేలు. గురువుగారు కళాదర్శకులుగా ఉండాలి. కోశాధికారిగా మాత్రం మరొకరు ఉండాలి.

నియమావళిలో చూసుకోవలసినవి:

- ఉద్దేశాల్లో ప్రదర్శన ఒక్కటే రాయకండి. శిక్షణ, పరిశోధన, డాక్యుమెంటేషన్, వర్క్‌షాపులు, విద్యార్థులకు ఉపకార వేతనాలు కూడా రాయండి.
- మిగులును సభ్యులు పంచుకోరాదన్న నిబంధన.
- సంస్థ మూతపడితే ఆస్తులు అలాంటి ఉద్దేశాలున్న మరో సంస్థకు చెందాలన్న నిబంధన.
- చెక్కులపై ఇద్దరి సంతకాలు.

తరువాతి పనులు ఈ వరుసలో చేయండి: పాన్, బ్యాంకు ఖాతా, స్వచ్ఛంద సంస్థల కోసం కేంద్రం నడిపే దర్పణ్ పోర్టల్‌లో నమోదు, ఆదాయపు పన్ను శాఖ వద్ద 12ఏబీ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను మినహాయింపు) నమోదు. 2025లో వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తిస్తుంది. అందులో సెక్షన్ల నంబర్లు వేరు కాబట్టి ఫారాలు నింపే ముందు ఆడిటరును అడగండి. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, కార్యవర్గం జాబితాను రిజిస్ట్రారుకు పంపడం మరవకండి. నాలుగేళ్లు మరిచిపోయి, గ్రాంటు దరఖాస్తు రోజున పరుగులు పెట్టేవారే ఎక్కువ.

అన్నింటికంటే తరచుగా కనిపించే తప్పు: గురువుగారు ఇంట్లో చెప్పే పాఠాల ఫీజు, బృందం డబ్బు ఒకే ఖాతాలో కలిసిపోవడం. ఇందులో దురుద్దేశం ఉండదు. హాలు అద్దె గురువుగారే తన జేబు నుంచి కట్టి, తరువాత ప్రదర్శన డబ్బు తీసుకుంటారు. కానీ ఏడాది చివర ఎవరు ఎవరికి బాకీ ఉన్నారో తేలదు, మనసులు చెడతాయి. ఈరోజే రెండు ఖాతాలు విడదీయండి. గురువుగారి శ్రమకు నెలకింత అని తీర్మానం రాసి, చెక్కు ద్వారా ఇవ్వండి.

3. ఆదాయం: ఏ తలుపు ఎప్పుడు తట్టాలి

*చిన్న దాతలు.* ఇక్కడ మొదలుపెట్టండి. ఒకేసారి లక్ష ఇచ్చే ఒక్కరికంటే నెలకు రూ.500 ఇచ్చే నలభై మంది బృందానికి బలం. నలభై మంది అంటే నెలకు రూ.20,000. పై నమూనా లెక్క ప్రకారం 50 గంటల హాలు అద్దె.

దాతకు పంపే ఉత్తరంలో కళాసేవ గురించి పెద్ద మాటలు వద్దు. "మీరు ఇచ్చిన రూ.2,000తో ఐదు గంటల సాధన జరిగింది. ఆ ఐదు గంటల్లో ఈ జతి పూర్తయింది" అని రాసి, అరనిమిషం వీడియో జత చేయండి. మా దాతల్లో విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకరు ఉన్నారు. ఆ వీడియోలన్నీ దాచుకుని, రూపకం తొలి ప్రదర్శనకు వచ్చి, ఏ జతి తన గంటల్లో పుట్టిందో పక్కవారికి చెప్పారు.

80జీ విషయంలో మూడు సంగతులు ముందే చెప్పండి. నగదుగా ఇస్తే రూ.2,000 దాటిన విరాళానికి మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఈ మినహాయింపు అసలే లేదు. దాత పాన్ నంబరుతో వివరాలు మీరు ఆన్‌లైన్‌లో సమర్పిస్తేనే వారికి సర్టిఫికెట్ వస్తుంది. పన్ను మిగులుతుందని ఆశ చూపి తరువాత నాలుక కరుచుకోవద్దు.

*విదేశాల్లోని తెలుగువారు.* ఇక్కడ తెలియక చేసే తప్పు చాలా ఖరీదైనది. భారత పాస్‌పోర్టు ఉన్న వ్యక్తి విదేశంలో తాను సంపాదించిన సొమ్మును బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే వ్యక్తి అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత మూలాలవారికి ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు తప్పనిసరి. మామూలు నమోదుకు సంస్థకు మూడేళ్ల వయసు ఉండాలి, ఆ మూడేళ్లలో అసలు కార్యక్రమాలపై రూ.15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. సొమ్ము వచ్చే ఖాతా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలోనే తెరవాలి. ఈ నమోదు లేకపోతే ఒక్క రూపాయి కూడా తీసుకోకండి. మేనమామే పంపినా వెనక్కి పంపండి. "మీ పాస్‌పోర్టు ఏ దేశానిది?" అని అడగడానికి మొహమాటపడవద్దు.

*కేంద్ర సాంస్కృతిక శాఖ.* మీకు పనికొచ్చే పథకాలు రెండు. గురుశిష్య పరంపర పథకం కింద గురువుకు నెలకు రూ.15,000, శిష్యులకు వయసును బట్టి రూ.2,000 నుంచి రూ.10,000 వరకు ఇస్తారు. నృత్యంలో శిష్యులు గరిష్ఠంగా 10 మంది. ఉత్సవాలు, వర్క్‌షాపులు, కొత్త రూపకాల కోసం మరో గ్రాంటు ఉంది. మామూలుగా రూ.5 లక్షల వరకు ఇస్తారు. అందులో మొత్తం ఖర్చు రాదు, మీ వాటా మీరు చూపాలి.

మంజూరు ఉత్తరం వేరు, బ్యాంకులో పడిన డబ్బు వేరు. ఉత్తరం చూసి అప్పు చేయకండి. రసీదులు, ఫొటోలు, వినియోగ పత్రం ఖర్చు జరిగిన వారంలోనే ఫైల్లో పెడితే తరువాతి విడత ఆగదు.

నర్తకులు విడిగా దరఖాస్తు చేసుకునేవీ ఉన్నాయి. 18 నుంచి 25 ఏళ్ల వారికి నెలకు రూ.5,000 చొప్పున రెండేళ్లపాటు యువ కళాకారుల ఉపకార వేతనం ఉంది. పరిశోధన చేసేవారికి జూనియర్ ఫెలోషిప్ నెలకు రూ.10,000, సీనియర్ ఫెలోషిప్ రూ.20,000. అవీ రెండేళ్లే. బృందంలో ఒక్కరికి వచ్చినా కొత్త అన్వేషణకు ఊతం దొరికినట్టే.

*కంపెనీల సామాజిక బాధ్యత నిధులు.* ఈ నిధులను వేటికి వాడవచ్చో కంపెనీల చట్టంలో ఒక జాబితా ఉంది, సంప్రదాయ కళల ప్రోత్సాహం అందులో ఉంది. ముందు మీ సంస్థ కంపెనీ వ్యవహారాల శాఖ వద్ద సీఎస్ఆర్-1 ఫారంతో నమోదు కావాలి. వట్టి ప్రదర్శన కోసం అడిగితే తలుపు తెరుచుకోవడం కష్టం. ప్రభుత్వ పాఠశాలలో ఏడాది పొడవునా పాఠం చెబుతామని, ఎంతమంది పిల్లలకో, వారానికి ఎన్ని గంటలో రాసి అడగండి.

*టికెట్లు, పన్ను.* నృత్య ప్రదర్శనకు టికెట్ రూ.500 దాటకపోతే జీఎస్టీ ఉండదు. 2022 జులై నుంచి కళల శిక్షణకు మినహాయింపు వ్యక్తిగతంగా నేర్పేవారికే పరిమితమైంది. కాబట్టి సంస్థ పేరుతో తరగతులు నడుపుతుంటే ఏడాది మొత్తం రాబడి, జీఎస్టీ నమోదు అవసరమయ్యే రూ.20 లక్షల హద్దుకు చేరుతోందా అని గమనించండి.

4. కొత్త అన్వేషణ: తక్కువ ఖర్చుతో, ఎక్కువ ఓపికతో

డబ్బు కుదిరాక ప్రయోగాలు చేద్దామని వాయిదా వేస్తే, కుదిరేసరికి బృందానికి కొత్త ఆలోచన చేసే అలవాటే పోతుంది. వారంలో ఒక రిహార్సల్‌ను ఏ ప్రదర్శనకూ సంబంధం లేని పనికి కేటాయించండి. ఆ రోజున "వచ్చే ఆదివారం ప్రదర్శన ఉంది" అన్నా వదులుకోకండి.

మొదటి మెట్టు: కథతో కాకుండా ప్రశ్నతో మొదలుపెట్టండి. మా బృందంలో ఒకసారి ప్రశ్న తెర దగ్గర పుట్టింది. కూచిపూడి నృత్యనాటకం భామాకలాపంలో సత్యభామ ప్రవేశానికి ఇద్దరు తెర పట్టుకుంటారు. ఆమె జడ తెర మీదుగా ఇవతలికి పడుతుంది. అందరి చూపూ జడ మీద, తెర కింద కనిపించే పాదాల మీద. తెర పట్టుకున్న ఇద్దరిని ఎవరూ చూడరు. ఆ ఇద్దరూ నర్తిస్తే?

పాత నూలు చీరలో సగం, ఒక మృదంగం, ముగ్గురు నర్తకులు. మొదటి రోజు తెర గాలికి కొట్టుకునే గుడ్డలా ఉంది. రెండో రోజు, మూడో రోజు అంతే. నాలుగో రోజు ఒక అమ్మాయి అలసిపోయి చేయి కాస్త పైకి మార్చుకుంది. తెర అంచు ఒకవైపు జానెడు లేచింది. లోపలి నర్తకి అప్పుడే కాలు కదిపింది. గజ్జెల చప్పుడు ముందు వినిపించి, పాదం ఒక మాత్ర (తాళంలో చిన్న కొలత) ఆలస్యంగా కనిపించింది. హాల్లో ఎవరూ మాట్లాడలేదు. మృదంగం వాయిస్తున్న ఆయన మాత్రం "మళ్లీ" అన్నారు. ఆ ఒక్క మాత్ర ఆలస్యం చుట్టూ 7 నిమిషాల అంశం కట్టాం. హాలు అద్దె రూ.4,000, నర్తకుల రాకపోకలు, మృదంగం పారితోషికం: అయిన ఖర్చంతా అదే.

రెండో మెట్టు: ఒకే ప్రశ్నకు మూడు చిన్న ప్రయత్నాలు చేయండి, ఒక్కొక్కటి 5 నుంచి 7 నిమిషాలు. రెండు పారేయవలసి వస్తుందని ముందే అనుకోండి. మన సంప్రదాయంలోనే వెతకడానికి ఎంతో ఉంది: క్షేత్రయ్య పదంలో ఒకే పంక్తికి పది రకాల సంచారాలు (భావాన్ని అభినయంతో విస్తరించడం), మరో కూచిపూడి నృత్యనాటకం గొల్లకలాపంలోని వాదోపవాదాలు, పాదాలతో నేలపై సింహం బొమ్మ గీసే సింహనందిని, తరంగంలో పళ్లెం అంచుపై నిలిచే పాదం.

మూడో మెట్టు: బహిరంగ రిహార్సల్. మేకప్ లేదు, దీపాలు లేవు. ఇరవై మందిని పిలవండి. హైదరాబాదులో లామకాన్ వంటి చిన్న వేదికలు ఇందుకు అనువు. ఊళ్లో అయితే బడి వరండా చాలు. "బాగుందా?" అని అడగకండి, బాగుందనే అంటారు. ఈ మూడూ అడగండి:

- మీ చూపు ఎక్కడ నిలిచిపోయింది?
- ఎక్కడ ఏమి జరుగుతోందో అర్థం కాలేదు?
- ఇంటికి వెళ్లాక ఏది గుర్తుంటుంది అనుకుంటున్నారు?

నాలుగో మెట్టు: నిలిచినదాన్ని పెంచండి. అప్పుడే సంగీతం, ఆ తరువాతే ఆహార్యం.

ఈ దశలో జరిగే పెద్ద తప్పు, నృత్యం కుదరకముందే స్టూడియోలో పాట రికార్డు చేయించడం. కాలప్రమాణం (పాట వేగం) బిగుసుకుపోతుంది, నర్తకి పాట వెనుక పరుగెత్తవలసి వస్తుంది. ముందు నట్టువాంగం (తాళాలు వాయిస్తూ జతులు చెప్పడం), మృదంగంతో ఫోనులో సాధన ట్రాక్ తీసుకుని పది రిహార్సళ్లు నడపండి. స్టూడియోకు వెళ్లేటప్పుడు స్వరకర్త, గాయకులు, వాద్యకారులతో ఒక పేజీ ఒప్పందం రాసుకోండి: ఎన్ని ప్రదర్శనలకు వాడవచ్చు, యూట్యూబ్‌లో పెట్టవచ్చా, మరో బృందానికి ఇవ్వవచ్చా. ఈ పేజీ లేక విడిపోయిన స్నేహాలు నాకు తెలుసు.

5. నర్తకులను కాపాడుకోండి

నల్లరాయి నేల మీద, సిమెంటు నేల మీద రోజూ తట్టు కొడితే మోకాళ్లు, మడమలు దెబ్బతింటాయి. చెక్క నేల హాలు దొరకకపోతే కర్ర పట్టీల మీద ప్లైవుడ్ పలకలు బిగించిన విడి వేదిక చేయించుకోండి. దాతను ఒక వస్తువు అడగాలంటే నేను మొదట అడిగేది ఇదే.

రిహార్సల్ రాత్రి 8 దాటితే అమ్మాయిలు ఇల్లు చేరే ఏర్పాటు బృందం బాధ్యత. ఆటో ఖర్చు బడ్జెట్‌లో ఉండాలి.

పారితోషికం తక్కువైనా సరే, ప్రదర్శన జరిగిన వారంలోపు ఖాతాలో వేయండి. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్న కాగితాన్ని అందరికీ చూపండి. డబ్బు తక్కువని వెళ్లిపోయినవారికంటే, లెక్క తెలియక వెళ్లిపోయినవారే నాకు ఎక్కువ కనిపించారు.

6. ఏడాది పనుల వరుస

- ఏప్రిల్: పిల్లల పరీక్షలు ముగుస్తాయి. కొత్త ప్రశ్నపై పని మొదలు. 29న అంతర్జాతీయ నృత్య దినోత్సవం, బహిరంగ రిహార్సల్‌కు మంచి రోజు.
- మే, జూన్: వేసవి శిబిరం. వచ్చిన ఫీజును సాధన నిధిలో వేయండి.
- జులై: ఆడిట్‌కు కాగితాలు ఇవ్వడం. దసరా ఉత్సవాల కోసం దేవస్థానాలకు, భాషా సాంస్కృతిక శాఖకు దరఖాస్తులు.
- ఆగస్టు: సర్వసభ్య సమావేశం. తంజావూరు, నాగపూర్‌లలోని కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రాలకు వివరాలు పంపండి. మన రెండు రాష్ట్రాలూ ఆ రెంటి పరిధిలోనూ ఉన్నాయి.
- సెప్టెంబరు నుంచి శివరాత్రి వరకు: ప్రదర్శనల కాలం. వారానికొక అన్వేషణ రిహార్సల్ మాత్రం ఆగకూడదు.
- మార్చి: ఆ ఏడు రావలసినవి, ఇవ్వవలసినవి తేల్చడం. పరీక్షల దృష్ట్యా ప్రదర్శనలు ఒప్పుకోవద్దు.

7. చిక్కులు, విరుగుడు

*నిర్వాహకులు "డబ్బు లేదు, వేదిక ఇస్తాం" అంటే:* ఏడాదికి రెండు అలాంటివి ఒప్పుకోండి, అంతే. ప్రతిఫలంగా మంచి వీడియో, దీపాలతో రిహార్సల్ అడిగి కాగితం మీద రాయించుకోండి.

*ఒక్క దాత మీదే ఆధారపడి ఉంటే:* ఆయన ఇచ్చేది మొత్తం ఆదాయంలో మూడో వంతు దాటితే, ఆ పైమొత్తాన్ని నిత్య ఖర్చుకు వాడకండి. నేల, సౌండ్ పెట్టె, ఆహార్యం వంటి ఒక్కసారి ఖర్చులకు వాడండి.

*గురువుగారికి ప్రయోగాలు నచ్చకపోతే:* చాటుగా చేయకండి. మొదటి ప్రయత్నమే ఆయనకు చూపండి. సంప్రదాయంలో ఇది ఎక్కడ తగులుతుందో, ఎక్కడ తప్పుతుందో చెప్పమని అడగండి. మా తెర అంశంలో నట్టువాంగం సరిదిద్దింది మొదట వద్దన్న గురువుగారే.

*ఖాతాలో మూడు నెలల హాలు అద్దెకు సరిపడా కూడా లేకపోతే:* కొత్త రూపకం ఆపండి, కొత్త ఆహార్యం ఆపండి. రిహార్సళ్లు ఆపకండి. వారానికి మూడు బదులు ఒకటి చేయండి. హాలు దొరకకపోతే ఎవరి డాబా మీదైనా గజ్జెలు లేకుండా, చాపలు పరిచి, ఉదయం ఆరింటికి కలవండి. వచ్చినవారి పేర్లు, చేసిన గంటలు ఎప్పటిలాగే పుస్తకంలో రాయండి. డబ్బు వచ్చిన నెలలో మొదట తీర్చవలసిన బాకీ ఆ గంటలదే.